ఏ బడికి పంపుదము?

జూన్ నెల దగ్గరపడినదనగా ఇందుకూరుపేట కూడలిలో మాటల తీరు మారును. అంతవరకు వడ్ల ధరను గూర్చియు, రొయ్యల మేత ధరను గూర్చియు, కాలువకు నీరు వదలు దినమును గూర్చియు మాటలాడుకొనుచుండిన వారే టీ అంగడి బల్లల మీద కూర్చుండి బడుల ప్రసక్తి యెత్తుదురు. ఏ బడి బస్సు తమ వీథి మొగ వరకు వచ్చును? ఎచ్చట ఆరవ తరగతి నుండియే ఐ.ఐ.టి. చదువునకు పునాది వేయుదురు? ఎచ్చట పిల్లలు ఇంగ్లీషు తప్ప వేరొక మాట పలుకరాదని కట్టడి కలదు? ఎచ్చట ఫీజు మూడు వాయిదాలలో కట్టనిత్తురు? ఒకరు తమ మేనల్లునికి వచ్చిన ర్యాంకును చెప్పుదురు. వేరొకరు ఆ బడిలోనే తమ తోడల్లుని కుమారుడు నడుమ చదువు మానివేసిన సంగతిని చెప్పుదురు. మాట తెగదు. ఇంతలో బస్సు వచ్చును, అందరును లేచి పోదురు. మరునాడు మరల అదే ప్రసంగము.

ఇది ఈ కాలమున క్రొత్తగా పట్టిన జాడ్యమని పెద్దలు కొందరు విసుగుకొనుచుందురు. మేమట్లు తలపము. పెన్న సముద్రమును చేరు ఈ పల్లెలలో తలిదండ్రులు బడులను తూచి చూచుట నిన్న మొన్నటి పని కాదు. రెండు శతాబ్దముల నాటి కాగితములను తిరుగవేసినను ఈ చింతయే కానవచ్చును.

సర్ తామస్ మన్రో మదరాసు గవర్నరుగా నుండి, 1822వ సంవత్సరము జూన్ 25వ తేదీన ఒక ఉత్తరువు వ్రాసెను. ఒక్కొక్క జిల్లాలో బడులెన్ని, వానిలో చదువుకొను పిల్లలెందరు, వారే కులముల వారు, ఏమి చదువుచున్నారు అను వివరములను కలెక్టర్లు సేకరించి పంపవలెనని అందలి ఆజ్ఞ. నాలుగేండ్లకు లెక్కలన్నియు చేరెను. రాజధాని మొత్తము మీద బడులు 12,498, పిల్లలు 1,88,650. సుమారు వేయి మంది జనమునకు ఒక బడి యన్న మాట. బడియీడు మగపిల్లలలో బడికి వచ్చుచుండినవారు నాలుగవ వంతునకు కొంచెము మించియుందురనియు, ఇండ్లలో చదువుకొనువారిని గూడ కలిపినచో మూడవ వంతునకు దగ్గరగా నుండుననియు మన్రో అంచనా వేసెను. మన ప్రాంతపు బడులును ఆ లెక్కలోనివే.

ఈ పండ్రెండువేల బడులలో సర్కారు బడులు ఎన్ని యని అడిగినచో, దాదాపు లేవనియే చెప్పవలెను. నేటి మాటలలో చెప్పిన అవన్నియు ప్రైవేటు బడులే. అయ్యవారు ఒక ఇంటి అరుగు మీదనో, గుడి మండపములోనో కూర్చుండెడివారు. పిల్లల తలిదండ్రులు ఇచ్చినదే ఆయనకు వృత్తి. కొందరు నెలకు కొన్ని అణాలు, కొందరు కుంచెడు ధాన్యము, పండుగకు పంచె. మా చిన్నతనములో గూడ బడికి కట్టు ఫీజును ఇంటిలోని పెద్దవారు "జీతము" అనియే అనెడివారు. "పిల్లవాని జీతము కట్టితివా?" అని మా అవ్వ అడుగుట మాకు నేటికిని చెవిలో నున్నది. ఆ మాట వీథిబడి నాటిది. అది అయ్యవారి జీతమే కనుక ఆ పేరు వచ్చినది. తాను ఎవరికి పెట్టుచున్నాడో, ఆయన తన పిల్లవానికేమి చెప్పుచున్నాడో తండ్రికి ముఖాముఖిగా తెలిసెడిది.

అయ్యవారిని తూచుటకు నాడు మూడు కొలతలుండెను. దస్తూరి కుదురుగా నుండవలెను, ఏలయన కరణము వద్ద గాని, కోమటి కొట్టులో గాని పని దొరకవలెనన్న వ్రాత ముఖ్యము. ఎక్కములు నిద్రలో లేపి అడిగినను అప్పగింపగలుగవలెను. ఇక మూడవది భయము. పిల్లవాడు వీథిలో అయ్యవారిని చూచి అరుగు దిగి నిలువబడినచో చదువు చక్కగా సాగుచున్నదని ఇంటివారి నమ్మకము.

బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో తెలుగు, కన్నడ వీథిబడుల నడవడి చక్కగా వర్ణింపబడినది. ఐదవ యేట మంచి దినము చూచి బడిలో వేయుట, వినాయకుని పూజ, ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దించుట అందు కలవు. ఉదయము అందరికన్న ముందు వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురట. రెండవవానికి సున్న చుట్టుదురు. వానికి మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, తరువాతి వారికి ఒక్కొక్కటిగా పెరుగుచుండును. ముందు చదివిన పిల్లలు వెనుకటి పిల్లలకు చెప్పుట ఈ బడులలోని మరియొక పద్ధతి. మదరాసులోని అనాథ బాలుర ఆశ్రమమున పనిచేసిన డాక్టర్ ఆండ్రూ బెల్, మన పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి తన బడిలో ఆచరించెను. ఒకరికొకరు చదువు చెప్పుకొను పద్ధతిని ఆయన ఇంగ్లండునకు తీసికొనిపోగా అది అచట "మదరాసు పద్ధతి" అని ప్రసిద్ధికెక్కెను. ఇంగ్లండునుండి మనకు దిగుమతి యైనవి చాల కలవు గాని ఎగుమతి యైన బడిపద్ధతి ఇదొక్కటే.

ఇట్లు చెప్పుకొని మురియుట సులభము. అదే క్యాంబెల్ నివేదికలో వేరొక మాటయు కలదు. ప్రజలు బీదపడుచున్నారు, పిల్లల చేత పని చేయించుకొనక గడవని స్థితికి వచ్చుచున్నారు, అందువలన బడులు క్షీణించుచున్నవని ఆయన వ్రాసెను. మన్రో లెక్కలోని లక్షా ఎనుబదియెనిమిదివేల పైచిలుకు పిల్లలలో ఆడపిల్లలు 4,540 మంది మాత్రమే. పల్లె వెలుపలి వాడల పిల్లలకు అయ్యవారి అరుగు చాల చోట్ల అందరానిది. రైతు ఇంటి తండ్రి ఈ అయ్యవారా, ఆ అయ్యవారా యని ఆలోచించుచుండగా, పక్కనే ఆ ఆలోచన కలుగుటకే వీలులేని ఇండ్లుండెను. బడులను పోల్చి చూచుట యనునది ఎప్పుడును ఊరంతటికి దక్కిన హక్కు కాదు. దీనిని మరచి వీథిబడిని స్వర్ణయుగమని పొగడువారితో మాకు పొత్తు లేదు.

నెల్లూరు పట్టణములో తూనిక మార్చినవారు అమెరికా బాప్టిస్టు మిషనరీలు. సామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరెను. తరువాత 1854లో లండనునుండి సర్ చార్లెస్ వుడ్ పంపిన విద్యా ప్రణాళిక వచ్చినది. సర్కారువారు అన్ని బడులను తామే పెట్టలేరు గనుక ఇతరులు పెట్టిన బడులకు కొన్ని నియమములపై సహాయద్రవ్యమిత్తురని అందలి సారము. 1857లో మదరాసు విశ్వవిద్యాలయము ఏర్పడి మెట్రిక్యులేషన్ పరీక్ష పెట్టినది. అటుపైన తండ్రి అడుగు ప్రశ్న యొక్కటే: "అక్కడినుండి మెట్రిక్యులేషను ఎందరు తేలుచున్నారు?" దస్తూరిని, ఎక్కములను ఇంటివారు తామే పరీక్షింపగలిగిరి. మెట్రిక్యులేషను వచ్చిన నాటినుండి బడి మంచిచెడ్డలను ఊరి తండ్రి తన చెవులతో, కన్నులతో తెలిసికొను వీలు తగ్గెను. ఎచ్చటనో అచ్చుపడిన ఫలితముల పట్టిక చెప్పినదే మాట. నేటి ర్యాంకుల ప్రకటనలకు మూలమచ్చట కలదని మా యభిప్రాయము.

మిషను బడిలో ఇంగ్లీషు బాగుగా వచ్చుననియు, బైబిలు పాఠమునకు కూర్చుండవలసి యుండుననియు ఊరిలో రెండు మాటలు ప్రచారములో నుండెను. దానికి ప్రక్కగా వేంకటగిరి రాజావారి పేర నెల్లూరులో నడచుచుండిన ఉన్నత పాఠశాల కలదు. 1920లో ఆ పేరనే కళాశాలయు వెలసినది. ఇందుకూరుపేట వైపు ఊళ్లనుండి ఎడ్లబండి మీద నెల్లూరు ఒక పూట ప్రయాణము. దినమును పోయి వచ్చుట పొసగదు. కలిగిన రైతులు పట్టణములో గది తీసికొని, వంటకు ఒక ముసలమ్మను పెట్టి, ఇద్దరు ముగ్గురు బాలురను కలిపి యుంచెడివారు. లేనివారు వారాలు చేసికొనిరి. సోమవారము ఒకరి యింట, మంగళవారము వేరొకరి యింట భోజనము. మా తాతగారు అట్లు చదివినవారే. ఆయన తన ముసలితనములో గూడ ఏ వారము ఏ యింట ఏమి కూర వడ్డించిరో వరుసగా చెప్పెడివారు. బడిలో నేర్చినదానిని అంత వరుసగా చెప్పుట మేమెరుగము.

ఈ బేరీజులన్నిటిని ఒక్కసారిగా తలక్రిందులు చేసిన దినమొకటి ఈ గడ్డ మీదనే వచ్చినది. 1920 డిసెంబరులో నాగపురమున సమావేశమైన కాంగ్రెసు, సర్కారు నడుపుచున్నవి గాని, సర్కారు సహాయముతో నడచుచున్నవి గాని యగు బడులనుండి పదునారేండ్ల లోపు పిల్లలను మాన్పింపుడని తలిదండ్రులకు పిలుపునిచ్చినది. ఆ తీర్మానము పిల్లలతో కాక తలిదండ్రులతోనే మాటలాడినది. పదునారు దాటిన వారికి వేరుగా చెప్పినది. మానిపించి ఏమి చేయవలెను? జాతీయ పాఠశాలలకు పంపవలెను. ఆంధ్రదేశమున బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాల 1910 నాటికే వెలసియుండుటచే ఆ మాట మనవారికి వింత కాలేదు. నాలుగు నెలలు గడచునప్పటికి, 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీజీ ఇందుకూరుపేటకు పొరుగున నున్న పల్లిపాడునకు వచ్చి, పెన్న యొడ్డున పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించిరి. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్యగార్లు దానికి పూనుకొన్నవారు. పొణకా కనకమ్మగారు భూమి నిచ్చిరి. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి చేదోడుగా నుండిన పార్సీ రుస్తుంజీ కట్టడమునకు పదివేల రూపాయలిచ్చెను. రాట్నము, మగ్గము, అస్పృశ్యతా నివారణము అచటి పాఠములు.

ఆ దినము సభకు పోయినవారిలో మా తాతగారును ఒకరు. మా తండ్రిగారికి అప్పటికి ఆరేండ్లు. అక్షరాభ్యాసమై బడికి పోవుచుండిరి. తాతగారు ఇల్లు చేరి మూడు దినములు ఎవరితోను సరిగా మాటలాడలేదని మా అవ్వ చెప్పెడిది. మాన్పించినచో ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకము చేతికి రాదు. అది లేనిదే గుమాస్తా పని గాని, బడిపంతులు పని గాని దొరకదు. జాతీయ పాఠశాల యిచ్చు యోగ్యతాపత్రమునకు కచేరీలో విలువ లేదు. మాన్పింపనిచో తాను వారాలు తిని సంపాదించిన చదువు దేనికి పనికివచ్చినట్లు? దేశమంతటను వేలకొలది ఇండ్లలో ఈ తగవే జరిగియుండును. చరిత్రకారులు బడులు విడిచిన విద్యార్థుల పేర్లను వ్రాయుదురు. విడువలేక తలవంచుకొని జీతము కట్టిన తండ్రులను గూర్చి ఎవరును వ్రాయరు. మా తాతగారు రెండవ కోవకు చెందినవారు. తాను నాటినుండి ఖద్దరు కట్టిరి. కుమారుని మాత్రము బడి మాన్పింపలేదు. ఆ పిమ్మట నాటి జాతీయ పాఠశాలలు పెక్కు అల్పకాలముననే మూతపడుట చూచి, "చూచితిరా?" అని ఆయన ఎన్నడును అనలేదట. మా అవ్వ ఈ మాటను ప్రత్యేకముగా చెప్పెడిది.

కనకమ్మగారి సంగతి వేరు. 1892లో మినగల్లులో జనించి, పసితనముననే పెండ్లియై పొట్లపూడి కోడలై వచ్చిన ఆమెకు బడిచదువు లేదు. ఇంటిలో కూర్చుండి తనంత తాను చదువుకొని గ్రంథాలయము నడిపినది, కవిత్వము చెప్పినది. 1923లో నెల్లూరులో బాలికల కొరకు కస్తూరిదేవీ విద్యాలయమును స్థాపించినది. 1929లో గాంధీజీ వచ్చి ఆ విద్యాలయ భవనమునకు పునాదిరాయి వేసిరి. 1963లో ఆమె పరమపదించువరకు నెల్లూరులో ఆమె పేరు ఆ విద్యాలయముతో ముడిపడియే యుండెను. బడి మెట్లెక్కని స్త్రీ బడి కట్టించుట వింతగా తోచును గాని, బడి విలువ తెలియునది అందనివారికే యని ఆమె చరిత్ర చదివినప్పుడెల్ల మాకు తోచును.

మా మేనత్తయు నాడు చిన్నపిల్లయే. ఆమెకొరకు ఏ బడినిగాని మా యింట ఎవరును పోల్చి చూడలేదు. కుమారుని గూర్చి మూడు దినములు నోరు విప్పక ఆలోచించిన తాతగారే కుమార్తెను గూర్చి ఒక్క పూటయు ఆలోచింపలేదు. ఆయన చెడ్డవారు కారు. ఆ ప్రశ్న ఆయనకు తట్టలేదు, అంతే. మా మేనత్త తమ్ముని పక్కన కూర్చుండి పెద్దబాలశిక్ష తలక్రిందులుగా చదువనేర్చినది. పుస్తకము ఎదురుగా నుండునది తమ్మునికి గదా. పిమ్మట ఇంటికి రేడియో వచ్చినది. 1938లో మదరాసు, 1948లో విజయవాడ కేంద్రములు వెలసియుండుట ఆమె పాలిట బడి తెరచినట్లయినది. బాలల కార్యక్రమము, స్త్రీల కార్యక్రమము, పురాణ ప్రసంగము, పొలము పనులు, ఏదియు విడువక వినెడిది. చదువుకొన్న మా తండ్రిగారి కన్న ఆమెకు లోకజ్ఞానమెక్కువ యని మేము చెప్పిన అది గౌరవముకొరకు చెప్పు మాట కాదు.

స్వరాజ్యము వచ్చిన తరువాత కథ తెలిసినదే. జిల్లా బోర్డుల బడులు 1959 చట్టముతో జిల్లా పరిషత్తుల క్రిందికి వచ్చినవి. ఊరి పెద్దరైతు కుమారుడును, పాలేరు కుమారుడును ఒకే బల్ల మీద కూర్చుండుట కొన్ని సంవత్సరముల పాటు సాగినది. 1971లో సర్వేలులోను, 1972లో తాడికొండ, కొడిగెనహళ్లిలోను గురుకుల పాఠశాలలు వెలసినప్పుడు పల్లెల పిల్లలు పరీక్ష వ్రాసి అందు చేరుట గొప్ప గౌరవముగా నుండెను. పోల్చి చూచుటకు అప్పుడు పెద్ద పని లేకుండెను. ఉన్నది ఒక్క బడి. దానిలో లెక్కల మాష్టారు మంచివారా కారా యనుటయే మాట.

తరువాత వచ్చినది "కాన్వెంటు." ఈ మాట విచిత్రమైనది. సన్యాసినులు నివసించు మఠమునకు పేరు. సన్యాసినులు గాని, ప్రార్థనామందిరము గాని లేని రెండు గదుల అద్దె యింటిలో మెడపట్టీ కట్టిన పిల్లలు ఇంగ్లీషు పాటలు పాడినచో మన పల్లెలలో అది కాన్వెంటు. అది నడుపువాడు చాల చోట్ల ఉద్యోగము దొరకని పట్టభద్రుడు. చెప్పునది ఇంటర్మీడియెటు చదివిన ఆ యూరి ఆడపిల్ల. మేము వీరిని చులకన చేయుటలేదు. అరుగు మీది అయ్యవారి వలె వీరును ఇంటింటి జీతము మీద బ్రతికినవారే.

కార్పొరేటు చదువు అనబడు దానికి నెల్లూరునకు దగ్గరి సంబంధము కలదు. 1979లో నెల్లూరులో పొంగూరు నారాయణగారు గణితము చెప్పు చిన్న శిక్షణ సంస్థను ప్రారంభించిరి. అదియే పెరిగి పెద్ద విద్యాసంస్థల సముదాయమైనది. 1986లో విజయవాడలో శ్రీచైతన్య సంస్థ వెలసినది. దీనికి వెనుక ఒక కారణమున్నది. 1983లో రాష్ట్ర ప్రభుత్వము చందా పేర సీట్లమ్ముటను నిషేధించు శాసనము చేసినది. ఇంజనీరింగు, వైద్య కళాశాలలకు ప్రవేశ పరీక్షలో వచ్చిన ర్యాంకే తలుపు తీయు తాళమైనది. డబ్బు తలుపు వద్ద ఆగిపోలేదు. తాళము చేయించు చోటికి తరలినది. ర్యాంకు తెచ్చు శిక్షణకు మొదట ఇంటర్మీడియెటులోను, పిమ్మట ఎనిమిదవ తరగతిలోను, పిమ్మట ఆరవ తరగతిలోను ఫీజు కట్టుట మొదలైనది. 1990వ దశకములో ఈ తీరమున వరిచేలు కొన్ని రొయ్యల గుంటలైనవి. 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు తీరపు రొయ్యల సాగుపై తీర్పు చెప్పువరకు ఆ సొమ్ము వేగముగా వచ్చినది, వేగముగా పోయినది. నిలిచినవి రెండు: మేడ యిండ్లు, పిల్లల ఫీజులు. గుంటలో తెగులు వచ్చి నష్టపోయిన సంవత్సరమున గూడ పిల్లవానిని బడి మార్చనివారిని మేమెరుగుదుము.

ఇంతకును ప్రైవేటు బడిలో చదువెక్కువా? ఈ ప్రశ్నకు మన ఆంధ్రదేశములోనే చక్కని పరీక్ష యొకటి జరిగినది. 2008లో మొదలుపెట్టి నాలుగేండ్లపాటు అయిదు జిల్లాల 180 గ్రామములలో దీనిని నడపిరి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను అర్థశాస్త్రజ్ఞులు దాని ఫలితములను 2015లో ప్రకటించిరి. సర్కారు బడి పిల్లల పేర్లు చీటీలు వేసి తీసి, చీటీ తగిలినవారికి ప్రైవేటు బడిలో ఫీజు, పుస్తకములు, దుస్తుల ఖర్చు ఇచ్చిరి. చీటీ తగిలినవారును తగులనివారును ఒకే విధమైన ఇండ్లనుండి వచ్చినవారు గనుక, తుదిలో కనబడు భేదము బడిదే గాని ఇంటిది కాదు. నాలుగేండ్ల పిమ్మట తెలుగులోను, లెక్కలలోను ఇరువురకును భేదము లేదు. హిందీలో మాత్రము ప్రైవేటు బడి పిల్లలు చాల ముందుండిరి, ఏలయన సర్కారు ప్రాథమిక పాఠశాలలలో హిందీ చెప్పనే చెప్పరు. ప్రైవేటు బడులు తెలుగునకు, లెక్కలకు తక్కువ కాలము వెచ్చించి, మిగిలిన కాలమును ఇంగ్లీషునకు, హిందీకి, సామాన్యశాస్త్రమునకు పంచినవి. పిల్లవానికగు ఖర్చు సర్కారు బడిలో అగు ఖర్చులో మూడవ వంతు కన్న తక్కువ. అది ఎట్లు సాధ్యమైనది? ఉపాధ్యాయుల జీతము సర్కారు జీతములో ఆరవ వంతునకు లోపుగా నుండుట వలన.

ఈ ఫలితమును టీ అంగడిలో చెప్పినచో ఇరుపక్షములవారును తామే గెలిచితిమందురు. "ఫీజు కట్టి తెచ్చుకొన్నదేమి?" అని ఒకరు. "తక్కువ ఖర్చుతో అంతే చదువు చెప్పి, పైగా హిందీ నేర్పిరి గదా" అని వేరొకరు. మాకు మాత్రము ఆరవ వంతు జీతము తీసికొను ఆ ఆడపిల్ల కన్నుల ముందు మెదలును. రెండు బడులను పోల్చు తండ్రులలో ఎంతమంది ఆమె జీతమెంతయని అడుగుదురు?

వేరొక లెక్కయు కలదు. 2002 మొదలు మన రాష్ట్రములో మూడువేలమంది పిల్లలను వెంబడించి చూచిన యంగ్ లైవ్స్ అను పరిశోధనలో, ఎనిమిదేండ్ల పిల్లలలో ప్రైవేటు బడులలో నున్నవారు 2002లో నూటికి 24 మంది కాగా, 2009 నాటికి 44 మంది. ఆ పెరుగుదలలో కొడుకులకు దక్కినంత కూతుళ్లకు దక్కలేదని ఆ పరిశోధకులు గమనించిరి. మా మేనత్త పెద్దబాలశిక్షను తలక్రిందులుగా చదివిన నాటినుండి తొంబదియేండ్లు గడచినను, ఒకే యింటినుండి కొడుకు పసుపు బస్సెక్కి నెల్లూరునకును, కూతురు నడచి ఊరి బడికిని పోవుట మేము కన్నులార చూచినదే. ఆ నడచిపోవు బడి యొక్కొకప్పుడు మేలైనదే కావచ్చును. కాని ఆమె నచటికి పంపినది మేలైనదని కాదు.

ఈ తీరపు యానాదుల సంగతి చెప్పక విడువరాదు. చేపలు పట్టియు, తోటలకు కాపుండియు బ్రతుకు వీరి పిల్లల చదువు కొరకు వెన్నెలకంటి రాఘవయ్యగారు తమ జీవితమును ధారపోసిరి. 1962లో యానాదులను గూర్చి గ్రంథము వ్రాసిరి. తెల్లవారుజామున తల్లిదండ్రులిరువురును కాలువకు పోవు ఇంటిలో పిల్లవాడు బడికి పోవుట యన్నది చిన్న తమ్ముని ఎవరు పట్టుకొందురను ప్రశ్న మీద ఆధారపడియుండును. బీదపిల్లలకు ప్రైవేటు బడులలో నాలుగవ వంతు సీట్లు ఉచితముగా నీయవలెనని 2009 విద్యాహక్కు చట్టము చెప్పినది. ఆంధ్రప్రదేశమున ఆ నిబంధన ఆచరణకు వచ్చుటకు పదేండ్లకు పైగా పట్టినది. 2020 జనవరిలో అమ్మఒడి పథకము మొదలై, సర్కారు బడియైనను ప్రైవేటు బడియైనను పిల్లవానిని పంపు బీదతల్లికి పదునైదువేల రూపాయలు లభించినప్పుడు, బడులను పోల్చి చూచు హక్కు మొదటిసారిగా తమకును వచ్చినదని కొన్ని ఇండ్ల స్త్రీలు అనుట వింటిమి. 2019లో సర్కారు బడులన్నిటిని ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చు ఉత్తరువును ప్రభుత్వమిచ్చినది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసినది. ఆ వివాదములో తెలుగు పక్షమున గట్టిగా మాటలాడిన పెద్దలలో ఎందరి మనుమలు తెలుగున చదువుచున్నారో మేము లెక్క తీయలేదు. తీసినచో మా యింటి పేరును వ్రాయవలసి వచ్చును.

గడచిన వేసవిలో మా మనుమరాలిని బడిలో వేయవలసి వచ్చినది. కుమారుడును కోడలును ఉద్యోగస్థులు. రెండు బడులు చూచివచ్చి చెప్పుమని మమ్ము కోరిరి. ఒకటి పట్టణములోనిది. గాజు తలుపులు, గోడనిండ ర్యాంకుల బొమ్మలు, చల్లని గది. మూడవ తరగతి పిల్లలు చదువుచుండగా ఒక నిమిషము విందుమని అడిగితిమి. అట్లు చూపు నియమము లేదనిరి. వేరొకటి మా యూరి బడి. ఒకే గదిలో రెండు తరగతులు, పండ్రెండుగురు పిల్లలు. పంతులమ్మ మమ్ము చూడగనే కుర్చీ చూపినది. ఒక బాలిక నిలువబడి పాఠము గడగడ చదివినది, అర్థము అడుగగా చెప్పినది. ఇంటికి వచ్చి ఉన్నదున్నట్లు చెప్పి, మా మాటగా ఊరి బడియే మేలంటిమి.

కోడలు మర్యాదగా వినినది. "మీరు చెప్పినది నిజమే మామయ్యా. సాయంకాలము నాలుగు గంటలకు బడి విడుచుదురు. మేము వచ్చుసరికి ఏడగును. ఆ మూడు గంటలు పిల్ల ఎక్కడ ఉండవలెను?" అని అడిగినది. పట్టణపు బడిలో ఆరున్నర వరకు చదివించి బస్సులో ఇంటి ముందర దింపుదురు.

రెండు వందల యేండ్ల చరిత్ర చెప్పగలిగిన మాకు ఆ మూడు గంటలకు బదులు తోచలేదు. మా మోకాళ్ల నొప్పితో ఆరేండ్ల పిల్ల వెంట దినమును పరుగెత్తలేమని మాకును తెలియును, ఆమెకును తెలియును. మొదటి వాయిదా మేమే కట్టితిమి.